మిషన్ కొత్తది, మోరి పాతది

వేములవాడ: గిన్నెలు కడిగే యంత్రం ఇంటికి వచ్చింది. కంపెనీ మనిషి దాన్ని వంటింట్లో గోడ వారగా నిలబెట్టాడు. నల్లాకు ఒక గొట్టం, సింకు కింద మరో గొట్టం తగిలించి, మీట నొక్కి చూపించి, సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి మొదటి విడత గిన్నెలు సర్దారు. రెండు గంటల తరువాత తలుపు తెరిస్తే పై అరలో గ్లాసులు తళతళలాడుతున్నాయి. అడుగున మాత్రం పసుపు రంగు నీళ్లు నాలుగు వేళ్ల లోతున నిలిచి ఉన్నాయి. ఇంకో ఇంట్లో మిషన్ సగంలోనే ఆగిపోయి కూత పెడుతుంది. మరో ఇంట్లో మిషన్ వదిలిన నీళ్లు మోరికి పోకుండా సింకులోంచి పైకి ఉబికి వస్తాయి.

ఇటువంటప్పుడు ఇంట్లో మొదట వినపడే మాట ఒకటే: పాడైన మిషన్ అంటగట్టిండ్రు. ఆ వెంటనే దుకాణానికి ఫోను. బాగుచేసే మనిషి కరీంనగర్ నుంచి వచ్చేదాకా రెండు మూడు రోజులు ఎదురుచూపు. ఈలోగా బాసండ్లన్నీ మళ్లీ ఇల్లాలి చేతి మీదే పడతాయి. వచ్చిన మనిషి చూసి, మిషన్ బాగానే ఉంది, మీ పైపుదే లోపం అని చెప్పి పోతాడు. పైపు చూసే ప్లంబరును పిలిస్తే అతడు మిషన్‌దే లోపం అంటాడు. ఇద్దరి మధ్య ముప్పై నలభై వేలు పోసి కొన్న వస్తువు గిన్నెలు ఆరబెట్టుకునే అల్మారాగా మిగిలిపోతుంది.

కొత్తగా బిగించిన మిషన్‌లో నీళ్లు నిలిస్తే చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు, నీళ్లు బయటికి పోయే దారిది. ఆ దారి మిషన్ అడుగున మొదలై వీధిలోని మోరి దాకానో, పెరట్లోని ఇంకుడు గుంత దాకానో సాగుతుంది. కంపెనీ మనిషి అందులో మొదటి రెండు గజాలే చూస్తాడు. మిగిలినది ఇంటివారే చూసుకోవాలి. దానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక బకెట్టు, ఒక స్టూలు, కొంత ఓపిక ఉంటే చాలు.

పెరటి నుంచి పైపులోకి

గల్ఫ్ హోటళ్లలో పనిచేసి వచ్చినవారికి ఈ యంత్రం కొత్త కాదు. దుబాయి, దోహా వంటశాలల్లో నిలువెత్తు మిషన్లు నిమిషాల మీద ట్రేల కొద్దీ పళ్లాలు కడిగేస్తాయి. అక్కడ పనిలో చేరినవాడికి ముందుగా నేర్పేది మీట నొక్కడం కాదు, పళ్లెంలోని ఎంగిలి గీకి చెత్తబుట్టలో వేయడం. ఇళ్లలోకి ఈ యంత్రం జోరుగా రావడం మాత్రం 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాకే. పని మనుషులు రావడం ఆగిపోయిన ఆ నెలల్లో దేశమంతటా వీటి కోసం గిరాకీ పెరిగింది. అప్పటిదాకా హైదరాబాదు ఫ్లాట్లకే పరిమితమైన సరుకు తరువాత జిల్లా పట్టణాల దుకాణాలకూ చేరింది.

యంత్రం మాత్రం కొత్తది కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, షెల్బీవిల్ పట్టణానికి చెందిన జోసెఫిన్ కాక్రేన్ అనే గృహిణి 1886లోనే దీనికి పేటెంటు పొందింది. ఇంట్లోని ఖరీదైన పింగాణీ పళ్లాలు తోమేటప్పుడు అంచులు విరిగిపోతున్నాయని ఆమె పూనుకుని చేసిన పని అది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో దాన్ని జనం చూశారు. తొలి రోజుల్లో కొన్నవి ఎక్కువగా హోటళ్లే. ఇళ్లకు చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. వేడి నీళ్ల సరఫరా, మురుగు పోయే ఏర్పాటు ఇళ్లలో సరిగా లేకపోవడం అందుకు ఒక కారణం. నూటనలభై ఏళ్ల కిందట అక్కడ అడ్డుపడినదే నేడు ఇక్కడ అడ్డుపడుతోంది.

మన పల్లెల్లో బోళ్లు తోమే చోటు వంటిల్లు కాదు. పెరట్లో జాలారు దగ్గర పీట వేసుకుని, బూడిదో సబ్బో పీచుతో రాసి, గోలెంలోని నీళ్లు ముంచి పోసుకుని కడిగేవారు. మిగిలిన మెతుకులు కోళ్లు ఏరుకునేవి. నీళ్లు అరటి మొదట్లోకి పోయేవి. అంటే ఎంగిలి ఎన్నడూ పైపులో దిగలేదు. తరువాత వంటింట్లోకి సింకు వచ్చింది. తాపీ మేస్త్రీ గచ్చు కింద సన్నని పైపు వేసి మోరిలోకి వదిలాడు. నల్లా కింద ఒక్కొక్క గిన్నె కడుగుతుంటే సన్నగా కారే నీటిని ఆ పైపు ఎలాగో మింగుతూ వచ్చింది. లోపల సగం జిడ్డు పట్టినా ఎవరికీ తెలియలేదు. మిషన్ వచ్చాకే ఆ గుట్టు బయటపడింది.

ఒక్క ఊపున వచ్చే నీళ్లు

మిషన్ పనితీరు తెలిస్తే లోపం ఎక్కడుందో సగం తెలిసినట్లే. తలుపు మూసి మీట నొక్కగానే మూడు నాలుగు లీటర్ల నీరు అడుగున చేరుతుంది. ఒక పంపు ఆ నీటినే మళ్లీ మళ్లీ పైకి తోడి, తిరిగే రెక్కల రంధ్రాల నుంచి గిన్నెల మీదికి చిమ్ముతుంది. కొంతసేపటికి మురికిపట్టిన ఆ నీటిని మరో చిన్న పంపు బయటికి నెట్టేస్తుంది. మళ్లీ కొత్త నీరు. ఈ విధంగా మూడు నుంచి ఐదు సార్లు జరుగుతుంది. మొత్తం ఖర్చయ్యే నీరు ఒక విడతకు 10 నుంచి 12 లీటర్లు, అంటే బకెట్టు కంటే తక్కువ. అన్ని గిన్నెలు చేత్తో కడిగితే ఎన్ని బకెట్లు అవుతాయో చెప్పనక్కరలేదు.

నీళ్లు తక్కువే అయినా అవి పోయే తీరు వేరు. బయటికి నెట్టే పంపు నడిచేది అర నిమిషమో నిమిషమో. ఆ కాస్త వ్యవధిలో మూడు నాలుగు లీటర్లూ ఒక్క ఊపున పైపులోకి వస్తాయి. సన్నటి ధారను మింగగలిగిన పాత పైపు ఈ ఊపుకు ఉక్కిరిబిక్కిరవుతుంది. మింగలేని నీళ్లు ఎక్కడ సందు దొరికితే అక్కడికి, అంటే సింకులోకి ఉబుకుతాయి. పైగా ఆ పంపు బలం కొద్దిపాటిదే. నీటిని నడుము ఎత్తు దాకా నెట్టగలదు గాని, అంతకు మించిన పని చెబితే చేయలేదు. దారిలో అడ్డు ఉంటే మిషన్ కొంతసేపు ప్రయత్నించి, నీళ్లు పోవడం లేదని గుర్తించి, ఆగిపోయి కూత పెడుతుంది.

అన్ని నీళ్లూ దోషం కావు. జల్లెడ తీసి చూస్తే దాని గుంటలో గ్లాసెడు నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. లోపలి రబ్బరు సీళ్లు ఎండిపోకుండా ఉండడానికి ఆ నీరు అవసరం. డబ్బా విప్పిన రోజే అడుగున కాస్త తడి కనిపించి, ఎవరో వాడిన మిషన్ ఇచ్చారని దుకాణదారుతో తగవు పెట్టుకునేవారు ఉన్నారు. కార్ఖానాలో నీళ్లు పోసి పరీక్షించి పంపుతారు, ఆ తడి దానిదే కావచ్చు. జల్లెడ పైకి నీళ్లు వచ్చి అడుగు పళ్లెం మునిగితేనే కంగారు పడాలి.

బకెట్టు పరీక్ష

మొదట మిషన్‌ను ముట్టుకోనవసరం లేదు. పెద్ద బకెట్టు నిండా నీళ్లు తీసుకుని వంటింటి సింకులో నిమిషం లోపల గుమ్మరించాలి. నీళ్లు గిర్రున సుడి తిరిగి దిగిపోతే పైపు బాగున్నట్లు. బుడగలు తీస్తూ, గుడగుడమని చప్పుడు చేస్తూ నెమ్మదిగా దిగితే పైపులో జిడ్డయినా పట్టి ఉండాలి, లేదా గాలి ఆడే దారి అయినా లేకుండా ఉండాలి. సింకులో నిలిచిపోతే ఇక మిషన్‌ను నిందించి లాభం లేదు. ఈ పరీక్ష మిషన్ కొనడానికి ముందే చేసుకుంటే ఇంకా మేలు. దుకాణానికి పోయేముందు ఒక బకెట్టు నీళ్లు ఖర్చు, అంతే.

రెండవ పరీక్ష మిషన్‌కు. సింకు కింద తగిలించిన మురుగు గొట్టాన్ని విప్పి, దాని కొసను ఖాళీ బకెట్టులో పెట్టాలి. బకెట్టు నేల మీద పెట్టరాదు, రెండడుగుల ఎత్తు స్టూలు మీద పెట్టాలి. కొస కిందికి ఉంటే పంపు నడవకపోయినా నీళ్లు వాటంతట అవే జారిపోయి అసలు సంగతి తెలియదు. పొలంలో డ్రమ్ము నుంచి పైపుతో నోటితో పీల్చి డీజిలు తీసినవారికి ఈ సూత్రం తెలిసిందే. చాలా మిషన్లలో స్టార్టు మీటను 3 సెకన్లు అదిమి పట్టుకుంటే నడుస్తున్న కడుగుడు రద్దయి పంపు నీళ్లు తోడేస్తుంది. ఏ మీటో మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఒక మనిషి గొట్టం కొసను గట్టిగా పట్టుకోవాలి. నీళ్లు 60, 70 డిగ్రీల వేడితో ఉండవచ్చు, అందులోని పొడి కూడా ఘాటైనది. పిల్లలను దూరంగా ఉంచాలి.

నీళ్లు జోరుగా బకెట్టులో పడితే మిషన్ నిక్షేపంగా ఉన్నట్లే, దోషం ఆ తరువాతి పైపుది. పంపు చప్పుడు వినిపిస్తూ నీళ్లు సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా జల్లెడలోనో, పంపు నోట్లోనో, గొట్టంలోనో అడ్డు ఉన్నట్లు. పంపు చప్పుడే లేకపోతే అది కంపెనీవారి పని, విప్పి చూడరాదు. వారంటీ పోతుంది.

వచ్చే మనిషికి ఫోనులో ఈ రెండు పరీక్షల ఫలితం చెబితే అతడు తగిన సామానుతో వస్తాడు. ఒక తిరుగుడు తప్పుతుంది.

గొట్టం చేసే తంటాలు

బిగింపులో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ మురుగు గొట్టం దగ్గరే. మిషన్‌ను వెనక్కి నెట్టి గోడకు ఆనించినప్పుడు గొట్టం మడత పడుతుంది. ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు. మిషన్‌ను జానెడు ముందుకు లాగి, వెనుక చేయి పెట్టి చూస్తే మడత చేతికి తగులుతుంది. ఒక్కోసారి ఆ మడత తీయడంతోనే రోగం కుదురుతుంది.

సింకుకు మిషన్ దూరమైతే గొట్టానికి గొట్టం అతికిస్తారు. అతుకు మీద అతుకు పెరిగి నాలుగు మీటర్లు దాటితే చిన్న పంపు అలసిపోతుంది. గొట్టం ఎంతవరకు పెంచవచ్చో, ఎంత ఎత్తున తగిలించాలో ప్రతి కంపెనీ పుస్తకంలోనూ రాసి ఉంటుంది. సాధారణంగా నేల నుంచి 40 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా, ఒక మీటరుకు మించకుండా ఉండాలంటారు.

ఈ కనీసపు ఎత్తు ఊరికే పెట్టింది కాదు. మన ఇళ్లలో ప్లంబర్లకు సులువైన పని గొట్టాన్ని నేల మీది జాలీ రంధ్రంలో దూర్చేయడం. అలా దూర్చితే మిషన్ నీళ్లు తీసుకుంటుండగానే అవి కిందికి జారిపోతుంటాయి. మిషన్ నింపుతూనే ఉంటుంది, అవి పోతూనే ఉంటాయి. ఇంకో చిక్కు దీనికి విరుద్ధం. గొట్టం కొస మోరి నీళ్లలో మునిగి ఉంటే ఆ మురికి నీరు వెనక్కి ఎక్కి శుభ్రం చేసిన గిన్నెల అడుగుకు చేరవచ్చు. మొన్న రాత్రి ఖాళీగా ఉన్న మిషన్‌లో తెల్లారేసరికి నీళ్లు, వాటికి మురుగు కంపు ఉన్నాయంటే కారణం ఇదే. మందు కూడా చవకే. గొట్టాన్ని సింకు పలక కిందిదాకా పైకి ఎత్తి, అక్కడ ఒక క్లిప్పుతో గోడకు బిగించి, తరువాత కిందికి దించాలి. ఒంటె మూపులా గొట్టం పైకి లేచి దిగితే మోరి నీరు ఆ ఎత్తు ఎక్కి రాదు.

ఇక కొత్త బిగింపులో అందరినీ బోల్తా కొట్టించే దొంగ అడ్డు ఒకటుంది. సింకు కింద ప్లాస్టిక్ సీసాలాంటి ట్రాప్ ఉంటుంది. దానికి మిషన్ గొట్టం తగిలించడానికి పక్కన చిన్న మూతి ఇస్తారు. మిషన్ లేని ఇళ్లలో నీళ్లు కారకుండా ఆ మూతికి లోపల సన్నని ప్లాస్టిక్ పొర గానీ బిళ్ల గానీ ఉంచుతారు. మిషన్ బిగించేటప్పుడు దాన్ని తొలగించాలి. మరిచిపోయి అలాగే గొట్టం ఎక్కిస్తే పంపు ఎంత నెట్టినా చుక్క కదలదు. చూడటానికి మాత్రం బిగింపు చక్కగా కనిపిస్తుంది.

అమెరికాలోనూ ఇదే కథ. అక్కడి ఇళ్లలో సింకు కింద ఎంగిలిని నూరే మర ఉంటుంది. మిషన్ గొట్టాన్ని దానికే కలుపుతారు. కొత్త మరలో ఆ రంధ్రానికి ఒక బిరడా ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో లోపలికి తట్టి, ఊడిన ముక్కను బయటికి తీయాలి. తీయనందువల్ల మొదటి రోజే నీళ్లు నిలవడం అక్కడ ఎంతగా మామూలంటే, బిగింపు పుస్తకాల్లో దాన్ని ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు కోడళ్లు ఫోనులో మిషన్ నీళ్లు పోవడం లేదంటే, ఇక్కడున్న తల్లి ఆ బిరడా తీశారా అని అడగవచ్చు.

కరివేపాకు, చింతపండు, నురగ

మిషన్ అడుగున గుండ్రని జల్లెడ ఉంటుంది. చేత్తో తిప్పితే ఊడి వస్తుంది. కొత్త మిషన్‌లోనైతే ముందు దానిలో థర్మకోలు గుండ్లు, అంటించిన కాగితాల ముక్కలు ఉన్నాయేమో చూడాలి. ఆ తరువాత మన వంటల వంతు. కరివేపాకు, చింతపండు పీచు, మునక్కాయ తొక్క, ఆవాలు, కోడి ఎముక ముక్కలు, గిన్నెకు అంటిన అన్నం. ఈ యంత్రాన్ని మొదట తయారుచేసిన దేశాల వంటల్లో వీటి పోరు ఇంతగా లేదు. ఆవగింజ జల్లెడ కంతలో సరిగ్గా పట్టి కూర్చుంటుంది. జొన్నపిండి, గంజి చల్లారితే జిగురై జల్లెడ మీద పొరలా పరుచుకుంటాయి.

అందుకని గిన్నె లోపల పెట్టేముందు ఎంగిలి గీకేయాలి. నల్లా కింద పూర్తిగా కడిగి పెట్టనక్కరలేదు, అలా కడిగితే మిషన్ ఎందుకు? జల్లెడను వారానికొకసారైనా తీసి, పాత పళ్లు తోమే బ్రష్షుతో రుద్ది కడగాలి. మాంసం వండిన రోజున మరునాడే చూడటం మంచిది. జల్లెడ కింద గుంటలో పంపు నోరు ఉంటుంది. కొన్ని మిషన్లలో దాని మీది చిన్న మూతను చెంచాతో ఎత్తి తీయవచ్చు. వేలు పెట్టేముందు ప్లగ్గు పీకేయాలి, నీళ్లు బట్టతో పీల్చి తీయాలి, చేతికి తొడుగు వేసుకోవాలి. పగిలిన గ్లాసు ముక్కలు చేరేది అక్కడే.

ఇంకొక పొరపాటు మంచి ఉద్దేశంతో జరుగుతుంది. మిషన్ పొడి అయిపోయిందని, చేత్తో తోమే సబ్బు నీళ్లు రెండు చెంచాలు పోస్తారు. మిషన్ లోపల నీళ్లు ఉధృతంగా చిమ్ముతాయి కనుక ఆ సబ్బు నురగ నురగగా పొంగుతుంది. తలుపు అంచుల నుంచి నేల మీదికి వస్తుంది. పంపు నీటిని నెట్టగలదు గాని నురగను నెట్టలేదు. నీళ్లు నిలుస్తాయి. అప్పుడు చేయవలసింది మిషన్ ఆపి, నురగను చేత్తో తోడేసి, చల్లని నీళ్లు పోస్తూ పంపును నాలుగైదు సార్లు నడిపించడం. మిషన్ పొడి, ఉప్పు, మెరుపు ద్రవం అని మూడు ఇస్తారు. వాటిలో ఉప్పు నీటిలోని సున్నాన్ని విరవడానికి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో అది లేకుండా నడిపితే గిన్నెల మీదా, లోపలి రెక్కల మీదా తెల్లని పొర కడుతుంది.

మిషన్ కూతతో పాటు అద్దం మీద కొన్ని అంకెలు చూపుతుంది. బాష్‌లో ఈ 24 వస్తే మురుగు గొట్టం మడతపడిందో మూసుకుపోయిందో అని, ఈ 25 వస్తే పంపు నోట్లో ఏదో పడిందో దాని మూత ఊడిందో అని అర్థం. ఎల్‌జీలో ఓఈ, సామ్‌సంగ్‌లో 5సీ కూడా నీళ్లు పోకపోవడాన్నే సూచిస్తాయి. మిగిలిన కంపెనీలవి వాటి పుస్తకంలో చూసుకోవాలి. ఫోను చేసేటప్పుడు మిషన్ ఆగింది అనడం కంటే ఈ అంకె చెప్పడం మేలు.

రోడ్డు ఎదిగింది, ఇల్లు దిగింది

పైన చెప్పినవన్నీ సరిచేసినా నీళ్లు పోని ఇళ్లు ఉంటాయి. వాటి సంగతి గడప అవతల ఉంటుంది. వేములవాడలోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా పాత వాడల్లో నడిచి చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కి లోపలికి పోయిన ఇంటికి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోవాలి. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే సిమెంటు రోడ్డు పోయడం, కొన్నేళ్లకు దాని మీద మరొకటి పోయడం దీనికి కారణం. రోడ్డుతో పాటు మోరి కూడా ఎత్తయింది. వంటింటి గచ్చు కింద పైపు మాత్రం వేసినచోటే ఉంది. వాన పడి మోరి నిండితే పైపు మూతి నీళ్లలో మునుగుతుంది. మూల వాగు వైపు పోవలసిన నీరు ఇంట్లోకి తిరిగి చూస్తుంది.

అటువంటి ఇంట్లో ఎంత ఖరీదైన మిషన్ పెట్టినా ప్రయోజనం లేదు. గచ్చు పగలగొట్టి పాత పైపును సరిచేయడం ఖర్చుతో కూడిన పని. అంతకంటే సులువైన దారి ఉంది. సింకు ఎత్తులోనే గోడకు రంధ్రం చేసి, ఒకటిన్నర అంగుళాల పైపును గోడ బయటి నుంచి తీసుకెళ్లి, చిన్న చాంబరు కట్టి, అక్కడి నుంచి మోరి పై భాగంలోకి వదలవచ్చు. పైపు వాలు అడుగుకు పావు అంగుళం ఉంటే చాలు. వాలు లేకుండా వేస్తే జిడ్డు పేరుకుంటుంది. వేడి నీళ్లలో కరిగిన నెయ్యి, నూనె మిషన్ లోపల గట్టిపడవు, పైపులో చల్లారాక గడ్డకడతాయి. మిషన్ పెట్టిన ఆరు నెలలకు మొదలయ్యే తంటాలో ఈ గడ్డల పాత్ర ఎక్కువ. చాంబరు మూత నెలకొకసారి తీసి, పైన తేలిన జిడ్డు తెట్టెను తీసేస్తే పైపు బతుకుతుంది. మోరే పూడిపోతే పట్టణంలో మున్సిపాలిటీకి, ఊళ్లో పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

మోరి లేని పల్లెల్లో ఇంకుడు గుంతలు ఉన్నాయి. ఉపాధి హామీ కింద, 2019లో మొదలైన పల్లె ప్రగతిలోనూ చాలా ఇళ్ల దగ్గర వీటిని తవ్వారు. పొడవు, వెడల్పు, లోతు ఒక్కో మీటరు ఉన్న గుంతకు మిషన్ వదిలే 10, 12 లీటర్లు లెక్కలోనివి కావు. చిక్కంతా జిడ్డుతోనూ మెతుకులతోనూ. అవి రాళ్ల సందుల్లో పేరుకుని నేలకు మూత వేస్తాయి. చెల్క నేలలో కొంత నయం. రేగడిలో అసలే నీరు నెమ్మదిగా ఇంకుతుంది, జిడ్డు తోడైతే గుంత కాస్తా దోమల కుండీ అవుతుంది. అందుకే గుంతకు ముందు చిన్న తొట్టి ఒకటి కట్టి, జిడ్డును అక్కడే ఆపాలి. గుంత నిండిపోయిన ఇంట్లో రాళ్లు పైకి తీసి కడిగి మళ్లీ పేర్చుకుంటే తిరిగి పనిచేస్తుంది. ఒక రోజు పని.

వంటింటి నీళ్లు పెరటి మొక్కలకు పారించే అలవాటు ఇక్కడ చాలా ఇళ్లలో ఉంది. చేత్తో కడిగిన నీళ్లకు అది సరే. మిషన్ నీళ్లకు మాత్రం పనికిరాదు. ఆ పొడిలో క్షారం ఎక్కువ, ఉప్పు నీళ్లు కూడా కలిసి వస్తాయి. చామదుంపలు, అరటి, కరివేపాకు కొన్నాళ్లలోనే ఆకు అంచులు మాడ్చుకుని సంగతి చెబుతాయి.

ఎవరి లోపం, ఎవరి ఖర్చు

మిషన్ బిగించడం చాలా కంపెనీలు ఉచితంగానే చేస్తాయి. గొట్టం తగిలించడం వరకే ఆ ఉచితం. పైపు మార్చడం, రంధ్రం చేయడం, చాంబరు కట్టడం ఇంటివారి ఖర్చు. దీన్ని దుకాణంలోనే అడిగి తెలుసుకోవాలి. బిగించిన రోజున కంపెనీ మనిషి వెళ్లకముందే ఒక చిన్న విడత పూర్తిగా నడిపించి, చివర తలుపు తెరిచి అడుగు చూడాలి. చిన్న విడతకు అరగంట పడుతుంది. అతడికి తొందర ఉంటుంది, టీ ఇచ్చి కూర్చోబెట్టాలి. గొట్టం మడతగానీ, తీయని బిళ్లగానీ ఉంటే ఆ అరగంటలోనే బయటపడుతుంది, అతడే సరిచేసి పోతాడు. మరునాడు పిలిస్తే ఎప్పుడు వస్తాడో చెప్పలేం.

బిల్లు, వారంటీ కార్డు, బిగించిన తేదీ వేసిన కాగితం ఒకచోట పెట్టుకోవాలి. మిషన్ లోపమే అని తేలినా కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయితే బకెట్టు పరీక్షలో నీళ్లు జోరుగా పడిన మిషన్ మీద ఫిర్యాదు చేస్తే నిలవదు.

కొత్తగా ఇల్లు కడుతున్నవారికి ఈ తంటా ఏదీ అక్కరలేదు. మధ్య మానేరు ముంపు ఊళ్లవారి కాలనీల్లోనూ, పట్టణం అంచున లేస్తున్న ఇళ్లలోనూ ఇంకా వంటింటి గచ్చు పడనివి ఉన్నాయి. ఇవాళ మిషన్ కొనే ఆలోచన లేకపోయినా, సింకు పక్కన గోడలో ఒకటిన్నర అంగుళాల పైపును నేల నుంచి రెండడుగుల ఎత్తున మూతి పెట్టి వదలమని మేస్త్రీకి చెప్పాలి. దాని కింద నీళ్లు నిలిచే వంపు ఉండాలి, కంపు రాకుండా. పక్కనే నీళ్ల నల్లా ఒకటి, ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు ఒకటి. మిషన్ వచ్చిన రోజున గొట్టాన్ని ఆ పైపులో జానెడు లోతు దించి, చుట్టూ గాలి ఆడేంత సందు వదిలిపెడితే చాలు. ఆ సందును సిమెంటుతో పూడ్చకుండా మేస్త్రీని గమనించుకోవాలి. అప్పటిదాకా పైపు మూతికి ఒక బిరడా పెట్టి ఉంచాలి, లేకపోతే బొద్దింకలు ఎక్కి వస్తాయి.